అరవైలో ఫ్రెంచ్: నాలుగు వారాలు అక్కడే ఉండి నేర్చుకోవాలంటే

ముందు ఒక లెక్క చూసుకోండి. యూరప్ భాషలకు ఎ1 నుంచి సి2 దాకా ఆరు మెట్ల కొలత ఉంది. ఏమీ రాని మనిషి ఎ1 పూర్తి చేయడానికి సుమారు 100 గంటల తరగతి కావాలి, ఎ2కి మరో 100. బి1 చేరేసరికి మొత్తం 350 నుంచి 400 గంటలు అవుతాయి. ఫ్రాన్సులో నాలుగు వారాల కోర్సు అంటే మామూలుగా వారానికి 20 పాఠాలు. చాలా బళ్లలో పాఠం అంటే 45 నిమిషాలే. నికరంగా 60 గంటలు. అంటే విమానం ఎక్కి, లక్షలు ఖర్చు పెట్టి వెళ్లినా తరగతి గదిలో ఒక్క మెట్టు కూడా నిండదు.

అయినా వెళ్లాలి. ఎందుకంటే విజయవాడలోనో హైదరాబాదులోనో కూర్చుని సంపాదించలేనిది ఒకటుంది: ఆ భాష మామూలు వేగంతో చెవిన పడినప్పుడు మాటలు విడివిడిగా వినబడటం. టికెట్టు కొనేది దానికోసమే. వ్యాకరణం, పదాలు ఇక్కడే ముగించుకుని, చెవినీ నోటినీ మాత్రం అక్కడికి తీసుకెళ్లాలి. ఈ క్రమం తిరగబడితేనే డబ్బు దండగ.

బయల్దేరే ముందు తొమ్మిది నెలలు

మొదటి పని చెవి డాక్టరు దగ్గరికి వెళ్లి ఆడియోగ్రామ్ తీయించుకోవడం. యాభై ఐదు దాటినవాళ్లు జ్ఞాపకశక్తి గురించి బెంగపడతారు గానీ, చాలామందికి ఇబ్బంది ముందు చెవిలో వస్తుంది. వయసుతో మొదట తగ్గేది సన్నని శబ్దాలు వినే శక్తి. స, ష, ఫ లాంటి ధ్వనులు ఉండేది అక్కడే. తెలుగులో సగం మాట వినబడకపోయినా మిగతా సగం మనమే పూరించుకుంటాం. కొత్త భాషలో అలా పూరించడానికి లోపల సరుకు ఉండదు. వినికిడి యంత్రం కావాలంటే ప్రయాణానికి కనీసం రెండు మూడు నెలల ముందే పెట్టించుకోండి, అలవాటు పడటానికి ఆ మాత్రం పడుతుంది.

రెండోది, ఎ1 పూర్తి చేసి ఎ2లో సగం దాకా వెళ్లడం. వారానికి నాలుగైదు గంటల తరగతి చొప్పున తొమ్మిది నెలలు పడుతుంది. హైదరాబాదులో ఫ్రెంచ్ నేర్పే సంస్థ అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది, ఆన్‌లైన్ తరగతులూ ఉన్నాయి. సున్నాతో నేరుగా ఫ్రాన్సు వెళ్తే ఆ నాలుగు వారాలూ అంకెలు, వారాల పేర్లు, 'నా పేరు ఫలానా' దగ్గరే అయిపోతాయి. అక్కడ మీరు బస చేసే కుటుంబంలో, భోజనాల బల్ల దగ్గర ఇంటావిడ మాట్లాడేదంతా రైలు మోతలా ఉంటుంది. వర్తమానం, జరిగిపోయిన కాలం, దగ్గరి భవిష్యత్తు, ఓ వెయ్యి పదాలు చేతిలో ఉంటే అదే భోజనాల బల్ల బడి అవుతుంది.

పుదుచ్చేరి వెళ్తే సరిపోదా అని అడుగుతారు. అక్కడి అలియాన్స్ ఫ్రాన్సేజ్ 1889 నాటిది, తరగతికి మంచి చోటే. కానీ గేటు దాటి వీధిలోకి రాగానే తమిళం. ఇక మన యానాం 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉంది, ఫ్రెంచ్ పౌరసత్వం ఉన్న కుటుంబాలు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. అయినా సంతలో బేరం తెలుగులోనే. ఇవి చూసి రావాల్సిన ఊళ్లు, ఫ్రెంచిలో మునిగి తేలే ఊళ్లు కావు.

తెలుగు నోటికి కలిసొచ్చేవి, అడ్డొచ్చేవి

తెలుగువాళ్లు ఫ్రెంచిని ఇంగ్లిష్ మీదుగా నేర్చుకుంటారు. ఎక్కువ చెడేది అక్కడే. ఇంగ్లిష్ 'టేబుల్'కి మనం ట వాడతాం, ఆ అలవాటుతో ఫ్రెంచ్ మాటలకూ ట, డ తగిలిస్తాం. ఫ్రెంచిలో ట, డ లేవు. నాలుక పళ్లకు తగిలే త, ద ఉన్నాయి. 'తాబ్ల్' అనాలి. ఇంగ్లిష్‌వాళ్లు ప, త, క పలికేటప్పుడు వదిలే ఊపిరి కూడా ఫ్రెంచిలో ఉండదు, మన ప, త, క లాగే పొడిగా పలుకుతాయి. ఇంగ్లిష్‌వాళ్లు నెలలు కష్టపడేది మనకు పుట్టుకతో వచ్చింది. ఇంగ్లిష్‌ని పక్కన పెట్టి, తెలుగు అక్షరాలతో పలకండి.

ముక్కు అచ్చులకు అరసున్న ఉంది కదా, ఇన్నాళ్లకు పనికొస్తుంది. ఇక్కడ నుంచి అరసున్న పెట్టిన ప్రతిచోటా గాలిని ముక్కులోంచి కూడా పోనిచ్చి, నాలుకను ఎక్కడా తగలనివ్వకుండా ఆపండి. 'వెఁ' అంటే ద్రాక్షసారా, 'వాఁ' అంటే గాలి, 'వోఁ' అంటే వాళ్లు వెళ్తారు. మన తప్పు చివర న్ తగిలించడం. 'బోఁ' అంటే మంచి, పుంలింగానికి. 'బాన్' అంటే అదే మంచి, స్త్రీలింగానికి. మీరు 'బోన్' అన్నారంటే వినేవాడికి లింగం తారుమారవుతుంది. అద్దం ముందు నోరు తెరిచి 'బోఁ' అనండి. నాలుక కొన పైకి లేచి పళ్ల వెనక తగిలిందా, న్ వచ్చేసినట్టే.

తెలుగులో లేని అచ్చు ఒకటి ముఖ్యం. 'ఈ' అంటూ ఉండండి, నాలుకను కదపకుండా పెదవులను మాత్రం ఊ అన్నట్టు గుండ్రంగా చుట్టండి. వచ్చిందే ఆ అచ్చు. ఇక్కడ దాన్ని 'యూ' అని రాస్తున్నాను గానీ అందులో య లేదు. ఇది రాకపోతే ఏమవుతుంది? 'దస్యూ' అంటే పైన, 'దసూ' అంటే కింద. తాళంచెవి పూలకుండీ మీద ఉందో కింద ఉందో ఈ ఒక్క అచ్చే చెబుతుంది.

'ర'ను నాలుక కొనతో దొర్లిస్తే అర్థమవుతుంది, తప్పేమీ కాదు. కానీ వాళ్ల ర గొంతులోంచి వస్తుంది. హైదరాబాదువాళ్లకు దారి దగ్గర: ఉర్దూ బాగా వచ్చినవాళ్లు 'గజల్', 'గరీబ్' అనేటప్పుడు మొదట్లో వచ్చే ఆ ఒరిపిడి గ, ఫ్రెంచ్ రకు చాలా దగ్గరి చుట్టం. ఇక మాట చివర ఉ తగిలించే మన అలవాటు, బస్సు, కారు అన్నట్టు, మానుకోవాలి. 'పెతీత్' అన్నది 'పెతీతు' కాకూడదు.

సంధి మాత్రం మనకు ఒంట్లోనే ఉంది. 'వాడు ఎక్కడ' అని రాసుకుంటాం, 'వాడెక్కడ' అంటాం. మా అమ్మ 'మాయమ్మ' అవుతుంది. ఫ్రెంచిలోనూ అంతే. బహువచనం ముందు వచ్చే 'లే' విడిగా ఉన్నప్పుడు పలకని చివరి హల్లు, వెనక అచ్చు వస్తే బయటపడుతుంది: లే, అమీ (స్నేహితులు) కలిస్తే 'లేజామీ'. ఈ జ కూడా ఉర్దూ 'జిందగీ'లోని జ, జాబులోది కాదు. వినేటప్పుడు ఇదే పెద్ద చిక్కు. దుకాణంలో 'ఒరో' (మన యూరో) అన్న మాట కోసం చెవులు రిక్కించి నిలబడతారు, అది ఒంటరిగా రానేరాదు. ఒకటైతే 'అఁనొరో', రెండైతే 'దొజొరో', ఐదైతే 'సెఁకొరో', ఇరవై అయితే 'వెఁతొరో'. యూరోకి ముందు న, జ, క, త ఏది అతుక్కుందో వింటే అంకె సగం తెలిసిపోతుంది. పదాలను విడివిడిగా కాదు, ఇలా జతలుగా పెట్టి బట్టీ పట్టండి.

నామవాచకాన్ని కూడా ఎప్పుడూ ముందున్న 'ల' (పుంలింగం), 'లా' (స్త్రీలింగం)తో కలిపే నేర్చుకోండి. కుర్చీ స్త్రీలింగం, సోఫా పుంలింగం. ఎందుకని అడగొద్దు.

రోజుకు ముప్పావుగంట చెవి పని

ఫ్రాన్స్ రేడియో సంస్థ ఆర్‌ఎఫ్‌ఐ తేలిక ఫ్రెంచిలో రోజూ పది నిమిషాల వార్తలు ఇస్తుంది, దాని పాఠం కూడా దొరుకుతుంది. టీవీ5మోంద్ సైట్‌లో స్థాయిల వారీగా చిన్న వీడియోలున్నాయి. ఏది తీసుకున్నా పది నిమిషాలూ వినకండి. ముప్పై సెకన్లు చాలు. ఇలా చేయండి:

1. హెడ్‌ఫోన్ పెట్టుకుని, పాఠం చూడకుండా మూడుసార్లు వినండి.
2. వాక్యం వాక్యం ఆపుతూ వినబడింది వినబడినట్టు రాయండి. స్పెల్లింగ్ తప్పయినా ఫరవాలేదు, తెలుగు లిపిలో రాసినా ఫరవాలేదు.
3. ఇప్పుడు పాఠం తెరిచి పోల్చండి. పోయిన ప్రతి మాట పక్కన గుర్తు పెట్టండి: నాకు తెలియని మాటా, తెలిసీ వినబడని మాటా?
4. తెలిసీ వినబడనివాటిని మాత్రమే మళ్లీ పదిసార్లు వినండి, వాళ్లతోపాటే పలకండి.

ఆ రెండో రకమే అసలు సరుకు. పుస్తకంలో 'జ్ న సే పా' అని ఉంటుంది, నాకు తెలియదు అని. వీధిలో అది 'షే పా'. 'ఇలియా' (ఉంది) అన్నది 'యా' అవుతుంది, 'త్యూ ఆ' (నీకు ఉంది) అన్నది 'తా' అవుతుంది. 'కాదు' అని చెప్పే రెండు ముక్కల్లో మొదటిది, అంటే 'న', మాటల్లో చాలాసార్లు ఎగిరిపోతుంది. 'మేము'కి 'ను' అని నేర్చుకుని వెళ్తారు, అక్కడ అందరూ 'ఓఁ' అంటారు. ఈ నాలుగైదూ ముందే తెలిస్తే మొదటి వారం గండం గట్టెక్కుతుంది.

చదువుకున్న పెద్దవాళ్లకు ఒక జబ్బుంది, ప్రతిదీ నోట్సు రాసుకోవడం. ఫ్రెంచ్ స్పెల్లింగ్ చూశాక చెవి మోసపోతుంది, రాసి ఉన్న అక్షరాలన్నీ పలుకుతాయనుకుంటుంది. కాబట్టి కొత్త మాట ఏదైనా ముందు వినాలి, తర్వాత పలకాలి, చివర్లో చూడాలి.

అంకెలకు విడిగా సమయం ఇవ్వండి. ఫ్రాన్సులో 70 అంటే అరవై పది, 80 అంటే నాలుగిరవైలు, 92 అంటే నాలుగిరవైల పన్నెండు. ఫోన్ నంబరు పది అంకెలను రెండేసి చొప్పున చెబుతారు. 'స్వాసాఁత్' (అరవై) వినగానే మీరు 6 రాసేస్తారు, వెంటనే 'దిజ్విత్' (పద్దెనిమిది) వస్తుంది. అది 60, 18 కాదు, 78. జత మొత్తం అయ్యేదాకా కలం ఆపడమే మందు. రోజుకు ఐదు నంబర్లు ఫోన్‌లోని గొంతుతో చెప్పించుకుని రాస్తే నెలలో చేయి తిరుగుతుంది. బెల్జియం, స్విట్జర్లాండు వాళ్లు 70కి 'సెప్తాఁత్', 90కి 'నొనాఁత్' అని హాయిగా అంటారు.

కొత్త పదాలు రోజుకు పదిహేను మించొద్దు. కార్డుల మీద రాసి ఒకటో రోజు, మూడో రోజు, ఏడో రోజు, పదిహేనో రోజు తిరగేయండి. పడుకునే ముందు పది నిమిషాలు చూడటం, పొద్దున్నే ఐదు నిమిషాలు మళ్లీ చూడటం బాగా పనిచేస్తుంది.

ఊరు, బడి, ఇల్లు

పారిస్ వద్దు. మీ యాస వినగానే ఇంగ్లిష్‌లోకి మారిపోతారు, ఖర్చెక్కువ, దూరాలెక్కువ. చిన్న ఊరు, చదునైన ఊరు, ఇంగ్లిష్ అవసరం లేని ఊరు చూసుకోండి.

పెద్ద వయసువాళ్లకు విషీ బాగా కుదురుతుంది. పారిస్‌లోని బెర్సీ స్టేషన్ నుంచి రైలులో మూడు గంటలు. ఆలియే నది ఒడ్డున నడవడానికి వీలైన ఊరు, ఔషధ జలాల స్నానాలకు పేరుపడ్డది, రిటైరయినవాళ్లు ఎక్కువ. పార్కు బెంచీ మీద కూర్చుంటే తీరిగ్గా మాట్లాడే మనిషి దొరుకుతాడు. కావిలామ్ అనే బడి 1964 నుంచి అక్కడే ఉంది. లువార్ లోయలో తూర్ మరొకటి. అక్కడి ఫ్రెంచ్ స్వచ్ఛమైనదని చాలాకాలంగా ఒక పేరు. ఆ స్వచ్ఛత సంగతి అలా ఉంచండి, స్పష్టంగా మాట్లాడతారు, పారిస్ నుంచి వేగరైల్లో గంటంబావు. అక్కడి ఎఁస్తిత్యూ ద తురేన్ 1912లో పెట్టిన బడి. మధ్యధరా ఒడ్డున విల్‌ఫ్రాఁష్-స్యూర్-మేర్‌లో భోజనం వేళ కూడా ఫ్రెంచ్ తప్ప మాట్లాడనివ్వని కఠినమైన బడి ఉంది. ఫలితం బాగుంటుంది గానీ ఊరంతా మెట్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోవాలి.

నెల ఎంచుకోవడం ఇంకా ముఖ్యం. జులై, ఆగస్టుల్లో బళ్లన్నీ ఇరవై ఏళ్ల పిల్లలతో నిండిపోతాయి, ఆగస్టులో ఊళ్లో సగం దుకాణాలు మూసేస్తారు. మే, జూన్, సెప్టెంబరు మేలు. సెప్టెంబరుకి మరో లాభం ఉంది, కింద చెప్తాను.

డబ్బు కట్టేముందు బడికి మెయిలు రాసి ఇవి అడగండి: పాఠం ఎన్ని నిమిషాలు? తరగతికి గరిష్ఠంగా ఎంతమంది? స్థాయి సరిపోకపోతే మొదటి వారంలో మారవచ్చా? వీసా రాకపోతే ఎంత తిరిగిస్తారు? మీరు బస చేసే కుటుంబం సంగతిలో ఇంకో రెండు: ఆ ఇంటివాళ్లు రాత్రి మీతో కూర్చుని తింటారా, పళ్లెం పెట్టి వెళ్లిపోతారా? ఇంట్లో ఇంకెవరైనా విదేశీ విద్యార్థులున్నారా? ఇద్దరు విదేశీయులు చేరితే ఆ ఇంట్లో ఇంగ్లిష్ చేరినట్టే. 'దెమీ పాఁసియోఁ' అంటే పొద్దున్న ఫలహారం, రాత్రి భోజనం కలిపిన ఏర్పాటు. అది తీసుకోండి. రాత్రి ఏడున్నర ఎనిమిది మధ్య మొదలై గంటకు పైగా సాగే ఆ భోజనమే మీకు అసలు తరగతి. విడిగా ఫ్లాట్ తీసుకుని పప్పు వండుకుంటే నోటికి హాయిగా ఉంటుంది, చెవికి ఏమీ దొరకదు.

శాకాహారులు ముందే రాతలో చెప్పాలి. 'శాకాహారిని' అంటే చేపలు తింటారనుకునే ఇళ్లున్నాయి. 'జ్ న మాఁజ్ నీ వియాఁద్ నీ ప్వాసోఁ' అనండి, మాంసం గానీ చేప గానీ తినను అని. గుడ్డు కూడా వద్దంటే 'సాఁజొ'. కీష్ అనే గుడ్డు పైలో 'లార్దోఁ' అని పంది మాంసపు ముక్కలు మామూలుగా వేస్తారు. జున్నులు (చీజ్) చాలావాటిలో దూడ పొట్టలోంచి తీసిన తోడు ఉంటుంది, పట్టింపు ఉన్నవాళ్లు తెలుసుకోవాలి. కారప్పొడి చిన్న డబ్బా తీసుకెళ్లండి, ఎవరూ ఏమీ అనుకోరు.

వీసా సంగతి క్లుప్తంగా: 90 రోజుల్లోపు కోర్సుకు షెంజెన్ పొట్టి వీసా చాలు, 180 రోజుల్లో 90 రోజులే లెక్క. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, రెండు మూడు నెలల ముందే చేయడం క్షేమం. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. బడి ఇచ్చే నమోదు పత్రం, బస పత్రం జత చేయాలి. మందులు మొత్తం కాలానికీ సరిపడా పట్టుకెళ్లండి, చీటీలో మన బ్రాండు పేరు కాకుండా మందు అసలు పేరు రాయించుకోండి. మన బ్రాండ్లు అక్కడి ఫార్మసీకి అర్థం కావు. అత్యవసరానికి 112, వైద్య సహాయానికి 15.

అక్కడ ఒక రోజు

శనివారమే చేరుకోండి. సోమవారం పొద్దున స్థాయి పరీక్ష ఉంటుంది, నిద్రమత్తులో రాస్తే ఒక మెట్టు కింద పడేస్తారు. రాతలో మనవాళ్లు బాగా తెచ్చుకుంటారు, మాటల్లో తక్కువ. అందుకని ఒక్కోసారి పై తరగతిలో వేసేస్తారు, అక్కడ ఏమీ వినబడదు. మొదటి రెండు రోజుల్లోనే కిందికి మార్చమని అడగడంలో చిన్నతనమేమీ లేదు. తరగతిలో టీచరుకి ఎదురుగా, పెదవులు కనబడేచోట కూర్చోండి.

పొద్దున తరగతి, మధ్యాహ్నం ఒక అరగంట కునుకు, మూడు గంటలకు బయట ఒకే ఒక్క పని. పోస్టాఫీసులో స్టాంపు, ఫార్మసీలో దగ్గు మందు, లైబ్రరీలో కార్డు, ఏదైనా ఒకటి. వెళ్లే ముందు కావలసిన ఐదు వాక్యాలు పైకి అనుకోండి. రోజుకో కొత్త చోటికి వెళ్లకండి, అదే దుకాణానికి రోజూ వెళ్లండి. కొత్త మనిషితో మొదటి రెండు వాక్యాలే నడుస్తాయి. నాలుగోసారి చూసిన మనిషి మాత్రమే మీ ఊరేమిటని అడుగుతాడు.

రొట్టెల దుకాణం దగ్గరి నుంచి చూద్దాం. లోపలికి అడుగుపెట్టగానే ఏమీ అడగక ముందే 'బోఁజూర్ మదామ్'. ఇది మర్యాద మాట మాత్రమే కాదు, తాళంచెవి. ఇది అనకుండా నేరుగా రొట్టె అడిగితే ముఖం ముడుచుకుంటుంది, మీ ఫ్రెంచ్ బాగాలేదేమో అనుకుని మీరు బెంగపడతారు. మీ వంతు రాగానే 'యూన్ త్రాదిసియోఁ, సిల్ వూ ప్లే', అంటే ఒక త్రాదిసియోఁ రకం రొట్టె ఇవ్వండి అని. బాగా కాలింది కావాలంటే 'బియెఁ క్విత్', మెత్తగా కావాలంటే 'పా త్రో క్విత్'. ఆవిడ రొట్టె కాగితంలో చుడుతూ తల ఎత్తకుండా 'ఏ అవెక్ ససీ' అంటుంది. కొత్తవాళ్లంతా తడబడేది ఇక్కడే, ఏదో తప్పు చేశామనుకుంటారు. ఇంకేమైనా కావాలా అని మాత్రమే. 'స సరా తూ, మెర్సీ' అనండి, ఇంతే చాలని. ధర వినండి, నొరోనో జొరోనో. చిల్లర తీసుకుని 'బాన్ జుర్నే' అని బయటికి రండి. మొత్తం ముప్పై సెకన్లు. రెండో వారం దీనికి ఒక వాక్యం కలపండి, నిన్నటి రొట్టె బాగుందనో ఇవాళ చలిగా ఉందనో.

ఎదుటివాళ్లు ఇంగ్లిష్‌లోకి మారితే నొచ్చుకోకండి, సాయం చేస్తున్నామనే వాళ్లనుకుంటారు. మీరు ఫ్రెంచిలోనే కొనసాగించండి. అవసరమైతే 'జ్ ప్రెఫేర్ పార్లే ఫ్రాఁసే, జాప్రాఁ' అని నవ్వుతూ అనండి, ఫ్రెంచే మాట్లాడతాను, నేర్చుకుంటున్నాను అని. మెల్లగా చెప్పమనడానికి 'ప్ల్యూ లాఁత్‌మాఁ'. అర్థం కాకపోయినా తల ఊపేయడం మన అలవాటు. దాంతో సంభాషణ ముందుకు వెళ్లి, ఇంకా లోతైన నీళ్లలో ఆగుతుంది. వినబడిన చివరి మాటను ప్రశ్నలా తిరిగి అనండి. వాళ్లు ఆ ఒక్క మాటే విడమరుస్తారు.

మీరు, నువ్వు తేడా మనకు ఎవరూ నేర్పనక్కరలేదు, 'వూ', 'త్యూ' అంతే. ఒకటి మాత్రం: తరగతిలో ఇరవై ఏళ్ల పిల్ల మిమ్మల్ని పేరు పెట్టి 'త్యూ' అంటుంది. అక్కడ తోటి విద్యార్థుల మధ్య అదే పద్ధతి. ఇంటివాళ్లతో, దుకాణాల్లో 'వూ' అనండి, వాళ్లే మార్చుకుందామనేదాకా.

భోజనం దగ్గర ప్రతి తప్పూ దిద్దమని అడగకండి, వాళ్లూ విసుగుతారు, మీకూ నోరు పెగలదు. రోజుకు ఒక్క రకం చెప్పండి: ఇవాళ ల, లా మాత్రం దిద్దండి, రేపు జరిగిపోయిన కాలం.

ఎక్కడ చెడుతుంది

రెండో వారం మధ్యలో చాలామందికి ఉన్న ఫ్రెంచ్ కూడా పోయినట్టు అనిపిస్తుంది. మాట దొరకదు, తల బరువు, ఇంటిమీద బెంగ. ఇది వెనకడుగు కాదు, అలసట. రోజంతా ప్రతి వాక్యాన్నీ పట్టుబట్టి వినడం శరీరశ్రమ లాంటిదే. ఒక మధ్యాహ్నం పూర్తిగా సెలవు తీసుకుని నడవండి, తొమ్మిదింటికే పడుకోండి. తెలుగు సినిమా పెట్టుకోవద్దు.

దంపతులు కలిసి వెళ్లడం అన్నిటికన్నా పెద్ద అడ్డంకి. ఒకే ఇంట్లో దిగితే గది తలుపు మూసుకోగానే తెలుగు, మర్నాటి నుంచి భాష ఎక్కువ వచ్చినవాళ్ల వెనక రెండోవాళ్లు దాక్కోవడం. కుదిరితే వేరు వేరు ఇళ్లు, కనీసం వేరు వేరు తరగతులు. పిల్లల వాట్సాప్ కాల్స్‌కి రోజూ ఒకే అరగంట కేటాయించి ముందే చెప్పేయండి. ఫోన్ భాషను కూడా ఫ్రెంచిలోకి మార్చండి.

నాలుగు వారాలకన్నా ఎక్కువ ఉండేవాళ్లకు బడికన్నా సంఘాలు మేలు. సెప్టెంబరు మొదట్లో దాదాపు ప్రతి ఊళ్లోనూ 'ఫోరోమ్ దేజాసోసియాసియోఁ' జరుగుతుంది. ఊళ్లోని బృందగానం, నడక, పెతాఁక్ అనే ఇనుప బంతులాట, కుట్టుపని, తోటపని సంఘాలన్నీ బల్లలు వేసుకుని సభ్యుల్ని చేర్చుకుంటాయి. నడక సంఘం అన్నిటికన్నా మంచిది. పక్కపక్కనే నడుస్తుంటే మొహం చూసి మాట్లాడే ఇరకాటం ఉండదు, మౌనం కూడా సహజంగా ఉంటుంది, వారం వారం అదే మనుషులు. బృందగానంలో ముక్కు అచ్చులు వాటంతటవే కుదురుకుంటాయి.

పిల్లలు మాంట్రియల్‌లో ఉన్నవాళ్లకు

మనవల కోసం ఆరు నెలలు వెళ్లేవాళ్లకు ఊరు ముందే కుదిరిపోయింది. అక్కడ దుకాణంలో 'బోఁజూర్, హాయ్' అని రెండూ కలిపి పలకరిస్తారు. మీరు దేనికి బదులిస్తే ఆ భాష నడుస్తుంది, కాబట్టి 'బోఁజూర్' మాత్రమే అనండి. మాంట్రియల్ ఉన్న క్యుబెక్ రాష్ట్రంలో 'త్యూ' అన్నది 'త్స్యూ' అవుతుంది, 'దీర్' అన్నది 'ద్జీర్' అవుతుంది. భోజనాల పేర్లు ఒక మెట్టు జరుగుతాయి: ఫ్రాన్సులో 'దెజొనే' మధ్యాహ్నం, 'దీనే' రాత్రి. క్యుబెక్‌లో 'దెజొనే' పొద్దున, 'దీనే' మధ్యాహ్నం, 'సూపే' రాత్రి. 'దీనే'కి రమ్మంటే ఏ పూటో కనుక్కుని వెళ్లండి. ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లిష్ సరిపోతాయి కాబట్టి ఇక్కడ ఫ్రెంచిని పట్టుబట్టి వెతుక్కోవాలి. పేటలోని లైబ్రరీలో పసిపిల్లలకు కథలు చెప్పే గంట ఉంటుంది. మనవడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని వినండి. మెల్లగా, బొమ్మలు చూపిస్తూ, ఒకే మాట పదిసార్లు చెప్పే తరగతి మీకు ఇంకెక్కడా దొరకదు.

తిరిగొచ్చాక

బయల్దేరే ముందు రోజు ఇంటావిడతోనో నడక స్నేహితుడితోనో వారానికి ఒక అరగంట వీడియో కాల్ ఖాయం చేసుకోండి. రోజు, గంట, రెండు దేశాల సమయం కాగితం మీద రాసుకోండి. వేసవిలో మనకూ వాళ్లకూ మూడున్నర గంటల తేడా, అక్టోబరు చివరి ఆదివారం నుంచి నాలుగున్నర. వాళ్లు గడియారం మార్చిన ఆ వారమే మొదటి కాల్ తప్పిపోతుంది, తప్పిపోయిన కాల్ మళ్లీ మొదలవడం కష్టం.